ఫ్లెక్సీ మీద లేని మాత్రలు

ముందే చెప్పేస్తాను. నేను బతికి బయటపడింది ఆ ఎర్ర నూనె వల్ల కాదు. మా ఊరి బస్టాండు దగ్గర నా నిలువెత్తు బొమ్మ కట్టి, దాని కింద ఏదో రాశారు కదా, చదివినవాళ్లందరూ ముందు ఆ మాట మరిచిపోవాలి. గుండెపోటు వచ్చిన నాడు నన్ను బతికించింది మా ఆవిడ మొండితనం, పక్కింటి వాళ్ల కారు, గుంటూరులో ఒక డాక్టరమ్మ చేతులు, ఆ తర్వాత రోజూ మింగుతున్న నాలుగు మాత్రలు. ఈ వరసలో నూనె ఎక్కడా లేదు.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. రాయొద్దని మాత్రం ఇద్దరు ముగ్గురు చెప్పారు. "అయిపోయిన సంగతి, ఇంకెందుకు కెలుక్కోవటం" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నా పేరు శేషయ్య. పర్చూరు వైపు మా ఊళ్లో ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టు నాది. మా నాన్న పెట్టాడు, ముప్పయ్యేళ్లుగా నేను చూసుకుంటున్నాను. రైతులు మిరపాకో పత్తాకో తెంపుకొచ్చి కౌంటరు మీద పెడితే, తిప్పి చూసి, ఏం పట్టిందో ఏం కొట్టాలో చెప్పడం నా పని. మొక్కల సంగతిలో నా మాటకి చుట్టుపక్కల నాలుగూళ్లలో విలువ ఉంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందంటారు. నా కథ అచ్చంగా అదే.

సెప్టెంబరు, మిరప నాట్లు

వాన పడి రెండు రోజులైంది. నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. కొట్లో ఊపిరాడని గిరాకీ. పదకొండు దాటాక ఛాతీ మధ్యలో ఎవరో యూరియా బస్తా దించినట్టు బరువనిపించింది. దవడ లాగింది. చొక్కా మొత్తం తడిసిపోయింది.

మా వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఒక అలవాటుంది. ఒంట్లో ఏ తేడా చేసినా 'మందు వాసన పట్టింది' అనేస్తాం. పొడి మందు పొట్లం చిరిగితే తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. బయటికొచ్చి గాలి పీల్చుకుంటే సర్దుకుంటుంది. నేనూ అంతే అనుకున్నాను. షట్టరు బయట స్టూలు వేసుకుని కూర్చుని మజ్జిగ తెప్పించుకున్నాను. వరసలో నిలబడ్డ రైతు ఒకాయన "గ్యాసేమో శేషయ్యా, సోడా కొట్టు" అన్నాడు. సోడా కూడా తాగాను. గుండెపోటుతో మజ్జిగా సోడా తాగి, మధ్యలో లేచి ముగ్గురికి మందులిచ్చిన ఘనుణ్ని నేను.

పన్నెండున్నరకి మా ఆవిడ అనసూయ క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, మొహమేంటి అలా పాలిపోయింది?"

"మందు వాసన పట్టిందిలే."

"ముప్పయ్యేళ్లుగా పడుతున్న వాసనకి ఇవాళ కొత్తగా చెమటలేంటండీ?"

క్యారేజీ కింద పెట్టి, లోపలున్న రైతుల్ని బయటికి పంపించి, షట్టరు లాగేసింది. నేను అరిచాను. "గిరాకీ టైములో షట్టరేంటే, మతి పోయిందా?"

"గిరాకీ రేపూ ఉంటది. మీరుండొద్దూ?" అంది.

పక్కింటి వాళ్ల కారులో పడుకోబెట్టి గుంటూరు బయలుదేరదీశారు. చిలకలూరిపేట దాకా ముందు గ్రానైటు లారీలు. చీమకుర్తి నుంచి వచ్చే ఆ రాళ్ల లారీలు ఎంత మెల్లగా పోతాయో ఈ దారిన తిరిగేవాళ్లకి తెలుసు. ఒక్కోదాన్ని దాటేసరికి నా ప్రాణం ఒక్కో మెట్టు దిగుతున్నట్టుంది. భయం వేసింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చచ్చేంత భయం వేసింది. పెళ్లాన్నో దేవుణ్నో తలుచుకుంటారంటారు గానీ, నాకు మాత్రం కొట్లో కలుపు మందు డబ్బా మూత పెట్టానో లేదో అన్న ఆలోచన ఒక్కటే తిరిగింది.

ఆస్పత్రిలో నాకు ఏం చేశారో నాకు పెద్దగా తెలియదు. రక్తనాళం మూసుకుపోయింది, స్టెంటు వేశారు. బయట కూర్చున్న అనసూయ చెప్పిందే నాకు గుర్తు. ఆ హాల్లో నాలుగు గంటలు ఒక్కతే కూర్చుంది. పక్కన ఇంకొకామె ఉందట. ఆమె భర్త చీమకుర్తి క్వారీలో పనిచేస్తాడు, ఆయన కూడా లోపలే ఉన్నాడు. ఆమె తన ఇడ్లీ పొట్లం విప్పి సగం అనసూయ చేతిలో పెట్టి, "తినమ్మా, ఏడవటానికైనా ఓపిక ఉండాలిగా" అందట. పేరు కూడా అడగలేదని ఇప్పటికీ బాధపడుతుంది మా ఆవిడ.

మా బావమరిది రాంబాబు ఆ సాయంత్రానికే వచ్చాడు. అనసూయకి ఒక్కడే తమ్ముడు. ఐదు రాత్రులు ఆస్పత్రి మెట్ల మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఈ ముక్క మరిచిపోకండి. వాడి గురించి తర్వాత చెప్పబోయేదంతా ఈ ముక్కతో కలిపే చదవండి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మాత్రల చీటీ చేతికిచ్చి, రెండు పేర్ల కింద గీత గీసింది. "ఇవి రక్తం గడ్డకట్టకుండా చూసేవి. ఎవరు చెప్పినా మానొద్దు. నన్నడక్కుండా వీటితో ఇంకేదీ కలపొద్దు."

తల ఊపాను. 'నన్నడక్కుండా రెండు మందులు కలిపి కొట్టొద్దు' అని నేను రైతులకి రోజుకి పదిసార్లు చెబుతాను. వాళ్లూ ఇలాగే తల ఊపుతారు.

నవంబరు, పూత

ఇంట్లో ఉండటం ఆస్పత్రి కన్నా కష్టం. బిందె ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు, గట్టిగా అరవొద్దు. అరవకుండా మా ఊళ్లో ఎవరైనా మాట్లాడతారా? పలకరించడానికి వచ్చినవాళ్లు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, తమకు తెలిసి గుండెపోటుతో పోయినవాళ్ల పేర్లు వరసగా చెప్పి, కాఫీ తాగి వెళ్లేవారు. పడుకుంటే చెవిలో గుండె చప్పుడే వినిపించేది. ఒక దెబ్బ కొట్టాక ఇంకోటి కొడుతుందో లేదోనని ఎదురుచూసేవాణ్ని. నాకు జబ్బు మీద కన్నా, నన్ను గాజుబొమ్మలా చూసేవాళ్ల మీద కోపంగా ఉండేది.

ఆ రోజుల్లో రాంబాబు సీసా తెచ్చాడు. వాడు పనిచేసే ప్రైవేటు బడి మూతపడ్డాక ఏదో కంపెనీ ఆరోగ్య ఉత్పత్తులు ఊరూరా తిరిగి అమ్ముతున్నాడు.

"మంచు కొండల్లో ముళ్ల పొదల మీద కాసే పండు బావా. సీ బక్‌థార్న్ అంటారు. దాని నూనె ఇది. గుండెకి దీన్ని మించింది లేదు."

"సముద్రం పేరు పెట్టుకుని కొండెక్కి కాసే పండేంట్రా?"

"నువ్వు నవ్వు. నెల తర్వాత నేను నవ్వుతా."

సీసా మూత తీస్తే పుల్లటి వాసన. పండు మిరపకీ నారింజకీ మధ్య రంగు. చెంచాని పట్టుకుని వదలదు, చొక్కా మీద చుక్క పడితే మరక పోదు. మా వీధిలో అందరూ దాన్ని ఎర్ర నూనె అనేవారు. పొద్దున్నే ఒక చెంచా తాగడం మొదలుపెట్టాను.

ఎందుకు తాగావంటే రాంబాబు మొహం చూసి అని చెప్పొచ్చు. అది సగమే నిజం. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నువ్వు రోగివి అని గుర్తొచ్చేది. నూనె చెంచా నోట్లో పెట్టుకుంటే మాత్రం బలం వస్తున్నట్టుండేది. ఆ చిన్న సంతోషం కోసం తాగాను. డాక్టరమ్మని అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని అడగలేదు.

ఒంటికి బాగైన మాట నిజమే. నెల తిరిగేసరికి కొట్టుదాకా నడిచి వెళ్లగలిగాను. మొహంలో కళ వచ్చింది. కానీ ఆ నెలలో నేను సిగరెట్టు ముట్టలేదు. ఆవకాయ జాడీని అనసూయ అటకెక్కించింది. పొద్దునా సాయంత్రం నడిచాను. నాలుగు మాత్రలూ ఒక్క పూట కూడా తప్పలేదు. అవన్నీ చేశాక, రాంబాబు వచ్చి నా భుజం తట్టి, "చూశావా బావా, నూనె పని!" అన్నాడు. నేను అవునన్నాను.

ఇక్కడే నా మీద నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఈ ఆట నాకు తెలియంది కాదు. పైరు టానిక్కులు అమ్మే కంపెనీలవాళ్లు ఏం చేస్తారో నా కళ్లతో చూశాను. ఊళ్లో అందరికన్నా బాగా కాసిన చేను పట్టుకుంటారు. ఆ రైతు పశువుల ఎరువు తోలి ఉంటాడు, వేళకి నీళ్లు పెట్టి ఉంటాడు, యూరియా వేసి ఉంటాడు. వాటి మీద ఒక సీసా టానిక్ కూడా కొట్టి ఉంటాడు. అంతే, ఆ సీసా చేతికిచ్చి, చేలో నిలబెట్టి, ఫొటో తీసి, ఫ్లెక్సీ వేసి నా కొట్టు ముందే కడతారు. టానిక్ ఫ్లెక్సీ మీద యూరియా బస్తా ఎప్పుడూ ఉండదు. మా నాన్న మాత్రం కొత్త మందు ఏది వచ్చినా, "రెండు సాళ్లు కొట్టకుండా వదిలేసి చూడరా, అప్పుడు తెలుస్తది దాని బండారం" అనేవాడు. నా ఒంటి దగ్గరికొచ్చేసరికి ఆ రెండు సాళ్లూ మరిచాను.

డిసెంబరులో తెల్ల చొక్కా వేసుకుని, సీసా పట్టుకుని, పళ్లు బయటపెట్టి నవ్వుతూ నిలబడ్డాను. రాంబాబు ఫొటో తీయించాడు. వారం తిరక్కుండా బస్టాండు దగ్గర సర్వి కర్రలకి కట్టిన ఫ్లెక్సీ మీద నేను. 'నా గుండెకు కొత్త బలం. నేను వాడాను, మీరూ వాడండి.' నిజం చెప్పొద్దూ, బాగానే ఉన్నాననిపించింది. రోజుకి రెండుసార్లు అటు నడిచి చూసుకునేవాణ్ని.

జనవరి, మొదటి కోత

పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. బ్రష్షు గట్టిగా రుద్దానేమో అనుకున్నాను. చేతుల మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు కనిపించాయి. కౌంటరు అంచు కొద్దిగా తగిలితే మోచేతి దగ్గర అరచేయంత నల్లబడింది. ఒక పొద్దున్నే కొట్లో వంగి డబ్బా తీస్తుంటే ముక్కు నుంచి రక్తం కారింది. తువ్వాలు తడిసింది, రెండోది కూడా తడిసింది, ఆగలేదు. ఈసారి మందు వాసన అనే ధైర్యం నాకు లేదు.

గుంటూరు వెళ్లేసరికి రక్తం ఆగింది. అప్పుడు అనసూయ ఒక్కతే కూర్చున్న హాలు, అవే ఇనప కుర్చీలు. టోకెను పట్టుకుని కూర్చుంటే ఎదురుగా గోడ మీద టీవీలో ఎవరో వంట చేస్తున్నారు. రోగులందరూ తినకూడని వంట. మామూలుగా అయితే నవ్వేవాణ్ని. ఆ రోజు నవ్వు రాలేదు. అనసూయ సంచి ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

లోపల డాక్టరమ్మ మచ్చలన్నీ చూసి, "మాత్రలు కాకుండా కొత్తగా ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది.

"లేదండీ" అన్నాను.

ఎదురుగా కూర్చుని, కళ్లల్లోకి చూస్తూ, అబద్ధమాడాను. బావమరిది పేరు బయటికొస్తుందని భయం. బస్టాండు దగ్గర నవ్వుతున్న నా మొహం తెలివితక్కువదని తేలిపోతుందని అంతకన్నా పెద్ద భయం.

అనసూయ సంచిలో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇది తాగుతున్నాడండీ. రెండు నెలలు దాటింది. మా తమ్ముడే ఇచ్చాడు."

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సీసా మీద రాసిందంతా చదివింది.

"శేషయ్య గారూ, ఇది విషమేం కాదు. పండు నూనె. ఇందులో మంచి ఏదన్నా ఉండొచ్చు కూడా. కానీ గుండె జబ్బుకి పనిచేస్తుందని గట్టిగా చెప్పేంత రుజువు ఇంకా లేదు. పైగా దీనికీ రక్తం త్వరగా గడ్డకట్టనివ్వని గుణం ఉండొచ్చంటారు. మీరు వేసుకునే రెండు మాత్రల పనీ అదే. మూడూ కలిస్తే ఇలా రక్తం కారే ప్రమాదం ఉంది. దీనివల్లే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను. ఆపేసి చూద్దాం."

"మరి మాత్రలండీ?"

"మాత్రలు ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. నేను చెప్పేదాకా అవి ఒక్క పూట కూడా మానకూడదు." ఆ మాట అన్నప్పుడే ఆమె గొంతు కాస్త పెరిగింది. ఇంకో రక్తపరీక్ష రాసిచ్చి, మేం లేస్తుంటే మామూలుగా అడిగింది. "మీ ఊళ్లో ఇంకెవరైనా వాడుతున్నారా దీన్ని?"

 నాకు కోటేశు గుర్తొచ్చాడు.

కోటేశు నా ఈడువాడు, ఒకే బడిలో చదువుకున్నాం. వాడికి నాకన్నా ఏడాది ముందు గుండెపోటు వచ్చింది. ఇదే ఆస్పత్రి, ఇదే డాక్టరమ్మ, నాకు వేసినట్టే స్టెంటు. రెండు వారాల కిందట కొట్టుకొచ్చినప్పుడు, "నీ బొమ్మ చూశాక నేనూ ఆ నూనె మొదలుపెట్టాన్రా. మాత్రల పీడ వదిలిపోయింది" అన్నాడు. నాకు వినపడలేదని అబద్ధం చెప్పను. విన్నాను. గిరాకీలో ఉన్నాను. నవ్వి, వాడి మందులు వాడికిచ్చి పంపించాను.

బస్సు దిగి ఇంటికి పోలేదు. అనసూయని ఇంటికి పంపించి నేరుగా కోటేశు చేలోకి నడిచాను. కోత సాగుతోంది. కూలీ ఆడవాళ్లు సాళ్లలో వంగి పండుకాయ కోస్తున్నారు. వాడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కోతల నాడు కోటేశు కూర్చోవడం నా జన్మలో చూడలేదు.

"ఏరా, మాత్రలు మాని ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది. ఏం? హాయిగా ఉంది. కాస్త ఆయాసం. కోతల హడావిడి కదా."

"ఇవాళే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద. ఆ నూనె ఆపెయ్."

"నువ్వు మానేసి బాగున్నావుగా?"

"నేనెప్పుడు మానాన్రా? ఒక్క పూట కూడా మానలా."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మరి బొమ్మ మీద మాత్రలు లేవుగా?"

 ఊరుకోలేక అన్నాను. "టానిక్ ఫ్లెక్సీ మీద యూరియా ఉంటదట్రా? ఉండదని చెప్పి యూరియా వెయ్యటం మానేశావా ఎప్పుడన్నా?"

"అది పైరు. పైరు సంగతి నాకు తెలుసు. మనిషి సంగతి నాకేం తెలుసు? నీకు తెలుసనుకుని నీ బొమ్మని నమ్మా." అని ఆగి ఊపిరి తీసుకున్నాడు. అంత చిన్న మాటకి ఆగాల్సి వచ్చింది. "ఇప్పుడు నువ్వొచ్చి కాదంటన్నావు. అక్కడ బొమ్మేమో అవునంటంది. ఇద్దరు శేషయ్యల్లో ఎవుణ్ని నమ్మాల్రా నేను? ముందు దాన్ని దించు. ఆ తర్వాత నా మాత్రల సంగతి మాట్లాడు."

కోపంతో అన్నాడో, బెట్టుతో అన్నాడో తెలియదు. ఒకటి మాత్రం తెలుసు, కోటేశు అన్న మాట మీద నిలబడే మొండివాడు. ఫ్లెక్సీ అక్కడ ఉన్నంతకాలం వాడు గుంటూరు బస్సెక్కడు.

ఇంటికొచ్చి అనసూయకి చెప్పాను. బియ్యం ఏరుతోంది.

"రాంబాబు ఊరుకోడండీ" అంది.

"తెలుసు."

చేటలోంచి రాయి ఒకటి ఏరి పడేసింది. "నిచ్చెన పక్కింట్లో ఉంది. పొద్దున్నే అడుగుతాను" అంది.

మర్నాడు ఏడింటికి ఇద్దరం బస్టాండు దగ్గరికి నిచ్చెన మోసుకెళ్లాం. బరువంతా ఆమే మోసింది, నేను చివర పట్టుకున్నాను. ఎవరితోనైనా దింపిద్దామంది. నా బొమ్మ నేనే దించుతానన్నాను. టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. నాలుగు మెట్లే ఎక్కాను. రెండో మెట్టు మీద గుండె గట్టిగా కొట్టుకుంది. ఆగి, అది సర్దుకున్నాక ఇంకో రెండెక్కాను. ఎడమవైపు తాళ్లు కోశాను. నా భుజం, చెవి, సగం నవ్వు కిందికి వేలాడాయి.

అప్పుడే రాంబాబు బండి వచ్చింది. ఎవరో ఫోను చేసినట్టున్నారు.

"బావా! ఏం చేస్తన్నావు? దిగు ముందు! పదిమందిలో నా పరువు తీస్తావా?"

"పరువు పోయేదుంటే నాది కూడా పోద్దిలేరా. బొమ్మ నాదేగా."

"అక్కా, నువ్వన్నా చెప్పు!"

అనసూయ తల తిప్పలేదు. "నేను నిచ్చెన పట్టుకున్నాను, నన్ను కదిలించకు. కదిలితే మీ బావ పడతాడు" అంది. తర్వాత కాస్త మెల్లగా, "ఐదు రాత్రులు ఆస్పత్రి మెట్ల మీద పడుకున్నావు. ఈయన బతకాలనేగా? ఇదీ అందుకేరా" అంది.

వాడు బండి మీదే కూర్చుండిపోయాడు. వాడి కళ్లల్లో నీళ్లు చూశాను.  అయినా కుడివైపు తాళ్లు కూడా కోశాను.

ఉపన్యాసాలు నాకు రావు. నిచ్చెన మీద నుంచే గట్టిగా అరిచాను, అరవొద్దన్న వాళ్లందరికీ వినపడేలా. "నేను మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. ఆ ముక్క దీని మీద రాయలేదు. నూనె, మాత్రలు కలిపి తాగితే నాకు రక్తం కారింది. నన్ను చూసి ఎవరన్నా మాత్రలు మానేసి ఉంటే ఇవాళే డాక్టరు దగ్గరికి పొండి. తిట్టాలనుంటే నన్ను తిట్టండి, ఇక్కడే ఉన్నాను."

తిడతారనుకుంటే టీ కొట్టు నుంచి ఎవరో, "బొమ్మ మాత్రం బాగా పడింది శేషయ్యన్నా, పాపం" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక చూస్తే, ఆ గుంపు వెనక చేతిలో టీ గ్లాసుతో కోటేశు నిలబడి ఉన్నాడు. మెల్లగా నడిచొచ్చి, కిందపడ్డ ఫ్లెక్సీని దుమ్ము దులిపి చుట్టాడు.

"ఇది నేను తీసుకుపోతా. కల్లంలో కాయ కింద పరవటానికి పట్టాలు చాలట్లా" అన్నాడు. చంకలో పెట్టుకున్నాక, "బస్సు తొమ్మిదింటికి. వస్తావా నాతో?" అన్నాడు.

మార్చి, కల్లం

ఫ్లెక్సీ దించిన రోజే, ఆ ఇనప కుర్చీల్లో ఈసారి నేను తోడుగా కూర్చున్నాను. తోడు కూర్చోవడం రోగిగా కూర్చోవడం కన్నా కష్టమని ఆ రోజు తెలిసింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ని. పక్కన ఒక ముసలాయన ఏమీ తినకుండా ఉంటే నా బన్ను సగం తుంచి ఇచ్చాను. ఇడ్లీ ఇచ్చిన ఆ చీమకుర్తి ఆమె బాకీ ఇలా కొంచెం తీరిందనుకున్నాను.

కోటేశుని మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. స్టెంటు మళ్లీ పూడుకోవడం మొదలైందట. డాక్టరమ్మ వాణ్ని తిట్టిన తిట్లు బయటికి వినిపించాయి. నాతో మాత్రం, "వేళకి తీసుకొచ్చారు" అంది. ఆ మాటకి నేను పొంగిపోలేదు. వాణ్ని అక్కడికి పంపింది కూడా నేనే కదా.

నా ముక్కు మళ్లీ రక్తం కార్చలేదు. మచ్చలు పోయాయి. కచ్చితంగా నూనె ఆపడం వల్లే అని నేనూ ఒట్టేసి చెప్పను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ఒకసారి బోర్లా పడ్డాను, చాలు.

రాంబాబు నెల దాటినా మా గడప తొక్కలేదు. అనసూయ బయటికి ఏమీ అనేది కాదు గానీ, వాడికిష్టమైన గోంగూర పచ్చడి చేసిన రోజు తను తినలేదు. కిందటి ఆదివారం వచ్చాడు. సీసాల సంచి లేకుండా వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు కాళ్లూపి, "ఆ డాక్టరమ్మ మా నూనె పూర్తిగా పనికిరాదందా బావా?" అని అడిగాడు.

"అనలేదు. ఇంకా తెలియదంది. నువ్వూ అదే చెప్పి అమ్ము. మాత్రలు వాడేవాళ్లయితే డాక్టర్ని అడిగి రమ్మను."

"అలా చెబితే ఎవరు కొంటారు?"

"కొనకపోతే మానెయ్."

 అయినా అన్నం తిని వెళ్లాడు. గోంగూర రెండుసార్లు వేయించుకున్నాడు.

నా కొట్టు ముందు ఇప్పుడు ఏ ఫ్లెక్సీ లేదు. టానిక్కుల కంపెనీవాడొచ్చి కడతానంటే, రెండు సాళ్లు కొట్టకుండా వదిలిన చేను ముందు చూపించమన్నాను. చూపిస్తానని పోయాడు, ఇంకా రాలేదు.

ఇది చదివేవాళ్లింట్లో ఎవరైనా గుండెకి మాత్రలు వాడుతుంటే ఒక్కటే అడుగుతాను. ఏ నూనె తాగినా, ఏ వేరు నమిలినా, ఏ పొడి కలుపుకున్నా, అది మీ డాక్టరు బల్ల మీద పెట్టండి. మీకు సిగ్గనిపిస్తే ఇంట్లో ఆడవాళ్ల సంచిలో వెయ్యండి, వాళ్లు పెడతారు. బాగుందని మాత్రలు మానకండి. ఆ బాగుండటం మాత్రలు చేస్తున్న పనే కావచ్చు. ఇక జబ్బుకి భయపడటమంటారా, భయపడండి, తప్పులేదు. నేనూ భయపడ్డాను, ఇప్పటికీ ఎడమవైపు చురుక్కుమంటే భయపడతాను. భయపడుతూనే కొట్టు తెరుస్తున్నాను. బస్తాలు మాత్రం ఎత్తడం లేదు, గట్టిగా అరుస్తున్నాను.

నిన్న కోటేశు కల్లానికి వెళ్లాను. రెండో కోత కాయ ఎండబోశాడు. ఆ ఘాటుకి తుమ్ముతూ నడుస్తుంటే, కల్లం చివర పట్టాల మధ్య నా తెల్ల చొక్కా కనిపించింది. నా మొహం మీద, నేను పట్టుకున్న సీసా మీద, 'మీరూ వాడండి' అన్న అక్షరాల మీద ఎర్రగా మిరపకాయలు. ఒక కన్నూ సగం నవ్వూ మాత్రం బయటికున్నాయి.

కోటేశు చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి, నా కళ్ల ముందే ఒకటి చిదిపి నోట్లో వేసుకుని, బిందెలో నీళ్లు ముంచుకుని తాగాడు. మూతి తుడుచుకుంటూ ఫ్లెక్సీ వైపు చూశాడు.

"బొమ్మ పైకి పడిందిరా, చూసుకోలా. తిప్పి వెయ్యనా?"

"ఉండనీ" అన్నాను. "ఇన్నాళ్లకి పనికొచ్చే చోట ఉంది."